వేరు కాపురానికి ముందు అమ్మానాన్నల లెక్క

ప్రశ్న: మాది నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట. నాకు 31 ఏళ్ళు. కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక రవాణా కంపెనీలో పని, చేతికి 36,000 వస్తుంది. నా భార్య వేదాయపాళెంలో ప్రైవేటు స్కూలు టీచరు, ఆమెకు 15,000. మూడేళ్ళ పాప. అమ్మానాన్నలతో కలిసి 12 అంకణాల ఇంట్లో, రెండు గదుల్లో ఐదుగురం ఉంటున్నాం. చెల్లెలికి పెళ్ళై గూడూరులో ఉంది. నాన్న రైసుమిల్లులో గుమాస్తాగా చేసి మానుకున్నారు. పీఎఫ్ పెన్షన్ 2,300 వస్తుంది, పీఎఫ్ డబ్బు 4 లక్షలు బ్యాంకు సేవింగ్స్ ఖాతాలో ఉంది. వేదాయపాళెంలో 9,000 అద్దెకు ఒక పోర్షన్ చూశాం. విషయం చెప్పినప్పటి నుంచి నాన్న సరిగ్గా మాట్లాడటం లేదు, మేడ మీద రెండు గదులు వేసుకోమంటున్నారు. స్నేహితులేమో అద్దె దండగ, 42 లక్షలకు ఫ్లాట్ వస్తోంది, లోను పెట్టి కొనెయ్యమంటున్నారు. మేం బయటికి వెళ్ళగలమా?

జవాబు: మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. పరీక్ష పేపర్లు దిద్దడానికి చోటు లేక మీ ఆవిడ రాత్రి పదింటికి వంటగట్టు తుడిచి, ఆ తడి ఆరాక పేపర్లు పరుచుకుని నిలబడే దిద్దుతోందని రాశారు. అది చదివాక వెళ్ళాలా వద్దా అని మీతో వాదించబుద్ధి కాలేదు. వెళ్ళండి. ఎప్పుడు, ఎట్లా అన్నదే తేల్చుకుందాం. ఈలోగా ఈ ఆదివారమే ఒక మడత బల్ల, కుర్చీ కొనివ్వండి. రెండు మూడు వేలతో అయిపోయే పనికి వేరు కాపురం దాకా ఆగనక్కర్లేదు.

ముందు ఫ్లాట్ సంగతి. 42 లక్షల ఇంటికి బ్యాంకు 80 శాతం ఇస్తుంది, అంటే 33,60,000. మిగతా 8,40,000 మీరు పెట్టుకోవాలి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం, అది ఇంకో 3,15,000. చేతిలో పదకొండున్నర లక్షలు ఉంటే గానీ తాళం చెవి చేతికి రాదు. తరువాత 20 ఏళ్ళపాటు, 8.5 శాతం వడ్డీ అనుకుంటే, నెలకు 29,000 దాటి వాయిదా. 51,000 రాబడిలో అది తీసేస్తే మిగిలే 22,000తో రెండు ఇళ్ళు నడపాలి. అద్దె దండగ అన్నవాళ్ళు ఈ లెక్క వేసి చెప్పలేదు. 9,000 అద్దె కట్టేవాడు ఇల్లు బాగాలేకపోతే ఖాళీ చేస్తాడు, ఉద్యోగం మారితే ఊరు మారతాడు. 29,000 వాయిదా కట్టేవాడికి ఆ వీలుండదు. ఫ్లాట్ మాట మూడు నాలుగేళ్ళు పక్కన పెట్టండి.

మేడ మీద గదులు అన్నది మీ నాన్నగారు ప్రేమతో అన్న మాట, తేలిగ్గా తీసెయ్యకండి. మీరు రాసినట్టు ఆరు లక్షలే అవుతుందనుకున్నా, పదేళ్ళకు 10 శాతం వడ్డీతో నెలకు సుమారు 7,900. అద్దె కంటే తక్కువే. నా భయం వేరే. ఇల్లు నాన్నగారి స్వార్జితం, ఆయన పేరునే ఉంది. ఆయన వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారికి, మీకు, చెల్లెలికి సమాన వాటా వస్తుంది. అప్పు మీది, గదులు ముగ్గురివీ. చెల్లెలు మంచిదే కావచ్చు, రేపు ఆమె పిల్లల చదువుల అవసరం ఎట్లా ఉంటుందో ఎవరు చెప్పగలరు? ముందు కాగితం, తరువాతే ఇటుక. ఆ కాగితం కోసం ఇప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడే వాతావరణం లేదని మీ ఉత్తరమే చెబుతోంది. పైగా పొద్దున్నే మీ ఆవిడ ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు పాపను దించి పరిగెత్తడం మేడ మీద గదులతో తగ్గదు. అందుకే వద్దంటున్నాను.

ఇక అసలు విషయం. వేరు పడేవాళ్ళు అందరూ కొత్తింటి లెక్క వేసుకుంటారు. అద్దె, అడ్వాన్సు, ఫ్రిజ్, మంచాలు. తాము వెళ్ళిపోయాక పాతింట్లో పొయ్యి ఎట్లా వెలుగుతుందన్న లెక్క ఎవరూ వెయ్యరు. నేనూ వెయ్యలేదు. 2009లో కావలిలో అమ్మానాన్నల్ని వదిలి నెల్లూరు వచ్చి కాపురం పెట్టాను. అంతకుముందు ఇంట్లో ఇచ్చేదాంట్లో సగం పంపితే చాలనుకున్నాను, మనుషులు సగమయ్యారు కదా అని. నాలుగు నెలల తరువాత వెళ్ళినప్పుడు కిటికీ గూట్లో నాన్న బీపీ మాత్రల అట్ట కనపడింది. పది మాత్రల అట్ట, కొని పదహారు రోజులైంది, ఇంకా రెండున్నాయి. రోజు మార్చి రోజు వేసుకుంటున్నాడు. ఎందుకు నాన్నా అంటే, బాగానే ఉంది లేరా, రోజూ అక్కర్లేదు అన్నాడు. వాడికి కొత్త కాపురం, అడగొద్దు అని అమ్మతో అన్నాడట. ఆ అట్ట నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. అందుకే ఈ ప్రశ్న ఎవరడిగినా ముందు పెద్దవాళ్ళ లెక్కే రాయిస్తాను.

ఉత్తరంతో మీరు పంపిన లెక్కల కాగితం పట్టుకుని రాశాను, తప్పుంటే దిద్దుకోండి. ఇద్దరే ఉంటే మందులకు 1,800, పాలకు 1,200, కిరాణాకు 3,500, కూరగాయలు చేపలకు 2,000, కరెంటు, గ్యాసు, కేబుల్, ఫోను కలిపి 2,000. మొత్తం 10,500. బియ్యం విడవలూరు నుంచి మీ మేనమామ పంపుతారు గనక వెయ్యలేదు. పెన్షన్ 2,300 పోను ఇంకా 8,200 కావాలి. ఆ 4 లక్షల్లో లక్ష ఆసుపత్రి అవసరానికి ఉన్నచోటే ఉంచి, 3 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వెయ్యమనండి. ముఖ్యంగా అరవై దాటినవాళ్ళ కోసం పెట్టిన పథకం, ఐదేళ్ళ గడువు, వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది. మూడు నెలలకు 6,150, అంటే నెలకు 2,050. అప్పుడు మీరు ఇవ్వాల్సింది 6,150. నేను 6,500 అని రాసుకున్నాను.

మీ కొత్తింటికి వస్తే అద్దె 9,000, మెయింటెనెన్సు 800, బియ్యంతో సహా తిండి 9,000, కరెంటు, గ్యాసు, ఇంటర్నెట్ 2,700. మీరు మరిచిపోయిన ఖర్చు ఒకటుంది. పాప పన్నెండున్నరకు ఇంటికొస్తుంది, మీ ఆవిడ నాలుగున్నరకు. ఆ నాలుగు గంటలూ మీ అమ్మగారు అన్నం పెట్టి, నిద్రపుచ్చి చూసుకుంటున్నారు. దానికి మీ కాగితంలో సున్నా ఉంది. ఆయానో, చూసుకునే చోటో వెతికితే 4,000 వేసుకోండి. మొత్తం 25,500. అమ్మానాన్నలకు 6,500 కలిపితే 32,000. ఇప్పుడు మీరు ఇంట్లో ఇస్తున్నది 15,000. అంటే నెలకు 17,000 కొత్తగా పుట్టాలి. పోర్టు రోడ్డు దగ్గరవుతుంది గనక పెట్రోలులో వెయ్యి మిగులుతుంది, 16,000 అనుకుందాం.

అది ఎక్కడుంది? మీరు రాసిన ఖర్చులు ఇంటికి 15,000, చీటీ 10,000, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షన్నర మీద 3,000, బండి వాయిదా 3,800, పెట్రోలు ఫోన్లు 5,000, పాలసీ 2,500, పాప స్కూలు 2,000. మొత్తం 41,300. మిగిలిన 9,700 ఏమవుతోందో తెలియదన్నారు. అది దొరికితేనే ఇల్లు దొరుకుతుంది.

ముందు ఆ రెండు రూపాయల వడ్డీ ఆపండి. రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది, ఏడాదికి 24 శాతం. మీది రెండు లక్షల చీటీ, 20 నెలలు, తొమ్మిది కట్టారు, ఇంకా పాడలేదు. కంపెనీ రిజిస్టరైనదే అన్నారు, మంచిది. ఈ నెల పాటలో పాడెయ్యండి. 25,000 తగ్గించి పాడినా 1,75,000 చేతికొస్తుంది. చివరిదాకా ఆగితే కమిషను పోను 1,90,000 వచ్చేది, అంటే తొందరపడినందుకు 15,000 నష్టం. కానీ అప్పటిదాకా ఆ అప్పు మీద కట్టే వడ్డీ 30,000. ఒక్క జాగ్రత్త. పాడాక జామీను అడుగుతారు. జీతగాళ్ళిద్దరి సంతకాలతో సరిపెట్టుకోండి. నాన్నగారి ఇంటి కాగితాలు మాత్రం ఎవరు అడిగినా బీరువా దాటకూడదు. లక్షన్నర అప్పు తీరితే 25,000 మిగులుతుంది, ప్రోనోటు వెనక్కి తీసుకుని చించెయ్యండి.

అప్పటి నుంచి నెలకు 12,700 తేలుతుంది. జీతం పడ్డ మర్నాడే 12,000 తీసి, ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో వెయ్యండి. ఏడు నెలలకు బండి వాయిదా అయిపోతుంది, ఎనిమిదో నెల నుంచి 16,000 వెయ్యండి. ఆ 16,000 ఎందుకో గమనించారు కదా, వేరు పడితే అదనంగా కావలసింది సరిగ్గా అంతే. నాలుగు నెలలు ఆ సొమ్ము ముట్టుకోకుండా బతికితే మీరు లెక్క ప్రకారం ఇప్పటికే వేదాయపాళెంలో ఉన్నట్టు. నాలుగింటిలో రెండు నెలలు తప్పిందా, అడ్వాన్సు ఇవ్వకండి, ఆ 9,700 ఇంకా ఎక్కడో కారుతోందని అర్థం.

ఏడో నెలకే వెళ్ళిపోవచ్చు కదా అంటారేమో. వెళ్ళొచ్చు, కానీ నెలకు చేతిలో 500 మాత్రమే మిగులుతుంది. పాపకు ఒక జ్వరం వస్తే మళ్ళీ రెండు రూపాయల వడ్డీవాడి గుమ్మమే. పదకొండు నెలలకు చీటీ పూర్తవుతుంది, నెలకు 10,000 ఊపిరి వస్తుంది. ఖాతాలో 1,48,000, చీటీలో మిగిలిన 25,000 కలిసి 1,73,000 ఉంటుంది. మూడు నెలల అడ్వాన్సు 27,000, గ్యాసు కనెక్షన్, మంచం, ఫ్రిజ్, వంటసామానుకు 45,000 పోయినా లక్ష మిగులుతుంది. ఆ లక్షను పండక్కి కూడా తియ్యకండి.

ఆఫీసులో అద్దె రశీదులు పెడితే పన్ను తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మి హైరానా పడకండి. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్నే లేదు, మీ జీతానికి ఆ రశీదుతో పని లేదు. దానికి బదులు మీ పేరున ఒక టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా, తీసుకోండి. రెండు ఇళ్ళు మీ ఒక్కరి మీద నిలబడబోతున్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా లేదు. అది కుదిరేలోగా బ్యాంకులో ఏడాదికి 436 రూపాయల జీవన జ్యోతి, 20 రూపాయల సురక్షా బీమా ఈ వారమే పెట్టించుకోండి, ఒక్కోటి రెండు లక్షలు.

నాన్నగారితో ఎట్లా మాట్లాడాలని అడిగారు. పదకొండు నెలలు ఉంది గనక ఇప్పుడే వెళ్ళిపోతున్నాం అనే మాట వద్దు. అమ్మానాన్నల లెక్క రాసిన కాగితం ఒక్కటే తీసుకుని, అమ్మగారు కూడా ఉన్నప్పుడు ఆయన పక్కన కూర్చోండి. ఆయన గుమాస్తాగిరి చేసిన మనిషి, అంకె చూస్తే పెన్ను తీస్తారు. పాలు లీటరున్నరా, లీటరా అని దిద్దనివ్వండి. కొడుకు వెళ్ళిపోతున్నాడన్న బాధ పక్కనే, వెళ్ళాక మా గతేమిటన్న దిగులు కూడా ఉంటుంది, అది నోటితో అడగరు. ఆ దిగులుకు జవాబు ఆ కాగితంలో ఉంది. 3 లక్షల మాట కూడా ఆయన డబ్బు ఆయన చేతికే మూడు నెలలకోసారి వస్తుందని చెప్పండి, మీకు కావాలన్నట్టు వినపడకూడదు.

వెళ్ళాక 6,500లో 4,700 అమ్మగారి ఖాతాలో వెయ్యండి. మందుల 1,800 మాత్రం డబ్బుగా ఇవ్వొద్దు. డాక్టరు చీటీ ఫొటో మీ ఫోనులో పెట్టుకుని, ఆ డాక్టర్నే అడిగి జనౌషధిలో దొరికేవి అక్కడ, మిగతావి మామూలు షాపులో నెలకు సరిపడా మీరే కొని, మొదటి ఆదివారం పాపను వెంటేసుకుని ఇచ్చి రండి. ఇచ్చేటప్పుడు పాత అట్టలో ఎన్ని మిగిలాయో చూడండి.