ఒకే ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు: జావ్ యున్‌లీ డబుల్స్ ప్రస్థానం

చైనా బ్యాడ్మింటన్ డబుల్స్ క్రీడాకారిణి జావ్ యున్‌లీని ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకుంటారన్న ప్రశ్నకు 2012 లండన్ ఒలింపిక్సే సమాధానం. అక్కడ ఆమె ఆగస్టు 3న ఝాంగ్ నాన్‌తో మిక్స్‌డ్ డబుల్స్‌ను, మర్నాడే తియాన్ చింగ్‌తో మహిళల డబుల్స్‌ను గెలిచి, ఒకే ఒలింపిక్స్‌లో రెండు బ్యాడ్మింటన్ స్వర్ణాలు సాధించిన తొలి వ్యక్తిగా నిలిచారు. మహిళల ఫైనల్లో జపాన్ జోడీపై తొలి గేమ్ 21-10తో సులువుగానే ముగిసినా, రెండోది 25-23 దాకా సాగింది. టాప్ సీడ్లయిన వాంగ్ షియావోలీ, యు యాంగ్ కావాలని ఓడిపోయేలా ఆడి అనర్హతకు గురవడం ఆమెకు కలిసొచ్చిన మాట నిజమే. అయితే 2014 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో తియాన్‌తో కలిసి అదే జోడీని ఓడించారు గనుక, లండన్ విజయాన్ని అదృష్టం ఖాతాలో వేయలేం. 2014, 2015 ప్రపంచ పోటీలలో రెండు విభాగాలూ ఆమెవే. 2016 రియోలో మిక్స్‌డ్ కాంస్యం గెలిచాక ఆటకు వీడ్కోలు పలికారు.