అమ్మకు ఇంట్లో కూడా శిగం (పూనకం) వస్తోంది.. జబ్బా, దేవుడా?

ప్రశ్న: మా అమ్మ వయసు 54. పెళ్లికి ముందు నుంచీ ఐనవోలు మల్లన్న జాతరలో, ఊళ్లో బోనాలప్పుడు శిగం ఊగుతుంది. మూడు నెలల నుంచి ఇంట్లోనూ వస్తోంది. కూర కలుపుతూ ఉన్నట్టుండి ఆగిపోయి ఒకవైపే చూస్తుంది, పిలిచినా పలకదు. పెదవులు చప్పరిస్తూ కొంగు నలుపుతుంది. రెండు నిమిషాల్లో తేరుకుంటుంది గానీ ఏమీ గుర్తుండదు. షుగర్ మాత్రలు వాడుతుంది, సోమ, శనివారాలు ఒక్కపొద్దు ఉంటుంది. నాన్న నిరుడు పోయారు. దేవుడి మొక్కు బాకీ ఉందని మేనత్త, మెంటల్ అని తమ్ముడు అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: జాతరలో జరిగేది, వంటింట్లో జరిగేది ఒకటేనని మీ మేనత్త, తమ్ముడు ఇద్దరూ అనుకుంటున్నారు. మీరు రాసింది చదివితే నాకు అవి రెండు వేర్వేరు సంగతులనిపిస్తోంది.

మెలకువగా ఉండటం, చుట్టూ ఏం జరుగుతోందో తెలియడం, ‘ఇది నేను’ అన్న ఎరుక, జరిగింది గుర్తుండటం.. ఇవన్నీ రోజూ కలిసే నడుస్తాయి కాబట్టి మనం అన్నిటినీ కలిపి స్పృహ అంటాం. కానీ ఇందులో ఒక్కోటి విడిగా సడలగలదు. జాతరలో రాత్రంతా నిద్ర ఉండదు, కడుపు ఖాళీ, డప్పు దరువు ఆగదు. ఊగుతూ గబగబా ఊపిరి తీస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళాలు కాస్త కుంచించుకుపోతాయి. తల తేలిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. స్వామి వస్తాడన్న నమ్మకం, ఎదురుచూసే జనం దానికి తోడు. అప్పుడు ‘నేను’ అన్న ఎరుక పక్కకు తప్పుకుంటుంది. అయినా శిగంలో ఉన్న మనిషి అడిగినదానికి జవాబు చెబుతుంది, సాక (దేవుడికి అర్పించే నీళ్లు) పోస్తే, డప్పు ఆగితే శాంతిస్తుంది. మీరూ చూసే ఉంటారు.

ఇది మన దగ్గరే ఉన్నది కాదు. ఎరికా బూర్గిన్యోన్ అనే మానవ శాస్త్రవేత్త 1973లో 488 సమాజాల వివరాలు ప్రచురించారు. వాటిలో 90 శాతం చోట్ల స్పృహ మారే ఆచారం ఏదో ఒకటి ఉంది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా, ఐసీడీ-11 కూడా ఆచారంలో భాగంగా వచ్చే పూనకాన్ని జబ్బు కింద లెక్కించదు. కాబట్టి అమ్మను మెంటల్ అనొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పండి.

ఇక వంటింటి సంగతి. డప్పు లేదు, జనం లేరు, పిలిచినా పలకడం లేదు. చూపు నిలిచిపోవడం, పెదవులు చప్పరించడం, కొంగు నలపడం, తర్వాత గుర్తు లేకపోవడం.. ఇవన్నీ కలిస్తే నాకు మొదట అనుమానం వచ్చేది ఫిట్స్ మీద. కింద పడి కొట్టుకుంటేనే ఫిట్స్ అనుకుంటారు చాలామంది. మెదడులో కణత వైపు భాగానికే పరిమితమైన ఫిట్స్ ఇలా నిశ్శబ్దంగా వస్తాయి.

షుగర్ పడిపోవడం రెండో అనుమానం. కొన్ని రకాల మాత్రలు వేసుకుని పస్తుంటే షుగర్ 70 కంటే కిందికి వెళ్లి మనిషి అయోమయంలో పడొచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టుకుని, అలా వచ్చిన క్షణంలోనే చూడండి. ఒక్కపొద్దులు ఇప్పటికి ఆపించండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మార్చొద్దు, ఉపవాసాల సంగతి డాక్టరుకు చెప్పండి.

నాన్న పోయిన దుఃఖం వల్ల కూడా స్పృహ తప్పినట్టు కావచ్చు. కానీ మిగతా పరీక్షలు అయ్యాకే ఆ మాట అనాలి.

ఈసారి వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టరుకు మీ మాటల కన్నా అది ఎక్కువ చెబుతుంది. ఈ వారమే న్యూరాలజిస్ట్‌కు (మెదడు, నరాల డాక్టరుకు) చూపించండి. ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), ఎంఆర్ఐ స్కాన్ రాస్తారు. ఒక్క ఈఈజీ నార్మల్ వచ్చినంత మాత్రాన ఫిట్స్ లేవని కాదు, మళ్లీ తీయాల్సి రావచ్చు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం వల్ల లాభం లేదు. పలకని మనిషి నోట్లో నీళ్లు, చక్కెర పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పొయ్యి ఆపి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అయిదు నిమిషాలు దాటినా, షుగర్ తక్కువగా ఉండి పలకకపోయినా 108కి ఫోన్ చేయండి. పరీక్షలు పూర్తయ్యేదాకా పొయ్యి దగ్గర, బావి దగ్గర ఒంటరిగా వదలొద్దు. భూతవైద్యం పేరుతో కొట్టేవాళ్ల దగ్గరికి అసలే తీసుకెళ్లొద్దు.

దుఃఖం గురించి మాట్లాడాలనిపిస్తే వరంగల్ ఎంజీఎంలో సైకియాట్రీ విభాగం ఉంది, లేదంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. జాతర మానిపించాల్సిన పని లేదు. డాక్టరు సరేనన్నాక, వేళకు తిండి, మాత్రలు తప్పకుండా చూసుకుని, పక్కన మీరో తమ్ముడో ఉండి తీసుకెళ్లండి.