బయోచార్ వేశాక వంగ ఆకులు పసుపెక్కుతుంటే

నమస్తే అండీ. ఇసుక నేలలో యూరియా నీళ్లతో కిందికి దిగిపోతోందని బయోచార్ (గాలి సరిగా తగలకుండా పంట వ్యర్థాల్ని కాల్చి చేసే బొగ్గు) కలిపితే, వంగ మొక్కల కింది ఆకులు పసుపెక్కాయని రాశారు. టెన్షన్ పడకండి, బొగ్గు తీసెయ్యక్కర్లేదు. దాన్ని కంపోస్టు కలపకుండా ఉత్తదే వేశారు కదా, చిక్కంతా అక్కడే ఉన్నట్టుంది. ఉత్త బొగ్గు నేలలోని అమ్మోనియంని (యూరియా నుంచి వచ్చే నత్రజని రూపం) తనే పట్టేసుకుని, కొన్నాళ్లపాటు మొక్కకి నత్రజని కొరత తెస్తుంది.

ఇప్పటికి కొద్దిపాటి యూరియా నీళ్లలో బాగా పలచగా కలిపి మొదళ్ల చుట్టూ పోయండి. ఈసారి మాత్రం బొగ్గుని శనగ గింజంత ముక్కలు చేసి, మాగిన కంపోస్టుతో సమంగా కలిపి, గుప్పిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడితో రెండు మూడు వారాలు నీడలో ఉంచండి. తర్వాత చదరపు మీటరుకి కిలో బొగ్గు వచ్చేలా పై 10–15 సెంటీమీటర్ల మట్టిలో కలపండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. యూరియా చివరికి నీళ్లతో సులువుగా కొట్టుకుపోయే నైట్రేట్‌గా మారుతుంది, దాన్ని బొగ్గు అంతగా ఆపలేదు. అందుకే ఎరువునీ నీళ్లనీ ఒకేసారి కుమ్మరించకుండా విడతలుగా ఇవ్వాల్సిందే. బయోచార్ సాధారణంగా క్షార గుణాన్ని పెంచుతుంది, మీ నేల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) ఇప్పటికే 8 దాటి ఉంటే మోతాదు సగానికి తగ్గించండి.