కాన్విక్ట్ సిక్లిడ్ల జత కుదరక మగది ఆడదాన్ని తరుముతుంటే

శ్రీకాకుళం నుంచి మీరు అడిగినది ఇది: రెండడుగుల అక్వేరియంలో కాన్విక్ట్ సిక్లిడ్ అనే నల్ల చారల చేపల్లో ఒక మగదాన్ని, ఒక ఆడదాన్ని వేశారు, కొట్టువాళ్లు జత అనే చెప్పి ఇచ్చారు, మొదట్లో బాగానే ఉన్నా ఇప్పుడు మగది ఆడదాన్ని ఒక్కచోట నిలవనివ్వడం లేదు, దాని తోక చిరిగింది, అది ఫిల్టరు వెనక నీటి పైభాగంలో నక్కి ఉంటోంది, ఈ రెండూ గొడవ లేకుండా కలిసి గుడ్లు పెట్టి పిల్లల్ని సాకాలంటే ఏం చేయాలి? నేను విజయనగరంలో చాలా ఏళ్లుగా ఈ చేపలనే పెంచుతున్నాను కాబట్టి, నా దగ్గర పనిచేసిన పద్ధతులను వివరంగా చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఆడ చేపను ఈ రోజే వేరు చేయండి. వేరే తొట్టె లేకపోతే, హార్డ్‌వేర్ కొట్లో దొరికే గట్టి ప్లాస్టిక్ జాలీని తొట్టె వెడల్పుకు సరిపడా కత్తిరించి, పైన నీటిమట్టం దాటి నాలుగు వేళ్ల ఎత్తు ఉండేటట్టు నిలబెడితే చాలు. కాన్విక్ట్ చేపలు ఇసుక తవ్వడంలో ఘటికులు. జాలీ కింద కొంచెం సందు దొరికినా తవ్వుకుని అవతలికి పోతాయి, అందువల్ల దాని అంచు అడుగున ఉన్న గాజుకు తగిలేదాకా దించాలి. ఈ ఏర్పాటులో నీరు రెండు వైపులా తిరుగుతుంది, చేపలు ఒకదానికొకటి కనబడతాయి, కాని నోరు అందదు. చిరిగిన తోక శుభ్రమైన నీటిలో దానంతట అదే పెరుగుతుంది. రోజు విడిచి రోజు నాలుగోవంతు నీరు మారుస్తుంటే సాధారణంగా మందు అవసరం రాదు. గాయం మీద తెల్లని దూది వంటిది కనిపిస్తే మాత్రం అది బూజు. దానికి చికిత్స చేసి, చేప పూర్తిగా కోలుకునేదాకా జత సంగతి తలపెట్టవద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను. కొట్లో ఒక మగదాన్నీ ఒక ఆడదాన్నీ పట్టి ఒకే సంచిలో వేసి ఇచ్చినంత మాత్రాన అది జత కాదు. తల్లీ తండ్రీ కలిసి పిల్లల్ని కాచే సిక్లిడ్ జాతుల్లో జంట అనేది చేపలు తమంతట తాము కుదుర్చుకునేది; పెద్దలు కుదిర్చిన సంబంధాలు వాటి దగ్గర అంతగా నిలవవు. అందుకే కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ఎప్పుడూ ఒకే సలహా ఇస్తాను. అంగుళం, అంగుళంన్నర పిల్లలను అరడజను దాకా కొని కలిపి పెంచితే, అవి ఎదిగేటప్పుడు వాటిలో రెండు ఒక మూలను ఆక్రమించి మిగిలినవాటిని దగ్గరికి రానివ్వకుండా కలిసి తరమడం మొదలుపెడతాయి. అదే నిజమైన జత. అప్పుడు మిగిలినవాటిని తీసివేయాలి. మీ దగ్గర ఇప్పటికే ఎదిగిన చేపలు ఉన్నాయి కాబట్టి ముందు వీటితోనే ప్రయత్నించి, కుదరకపోతే ఆ దారి పట్టవచ్చు.

మీవి నిజంగా ఒకటి మగ, ఒకటి ఆడ అవునో కాదో కూడా ఒకసారి చూసుకోండి. చాలా చేపల్లో మగవి రంగురంగులుగా ఉంటాయి, కాన్విక్ట్‌లో ఇది తిరగబడుతుంది. ఎదిగిన ఆడ చేప చిన్నదిగా, గుండ్రంగా ఉండి, పొట్ట మీదా వీపు రెక్క మీదా నారింజ రంగు పొలుసులతో మెరుస్తుంది. మగది పెద్దదిగా, బూడిద రంగులో ఉండి, వీపు రెక్క, కింది రెక్క చివర్లు పొడవుగా సాగి ఉంటాయి, వయసు మీదపడితే నుదురు ఉబ్బుతుంది. తెల్ల రకంలో చారలు ఉండవు కాబట్టి పోల్చడం కష్టం, అయినా ఆడదాని పొట్ట మీద ఆ నారింజ ఛాయ కొంతైనా తెలుస్తుంది. రెండూ మగవే అయితే మీరెంత ఓపిక పట్టినా ఫలితం ఉండదు.

మగదాని కోపం గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మీ సమస్యకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. ఈ చేప సొంత ఊరు మధ్య అమెరికా. గ్వాటెమాల, హోండురాస్ ప్రాంతాల వాగుల్లో, సరస్సుల్లో రాళ్ల సందుల్లో గుడ్లు పెట్టి, చుట్టూ తిరిగే ఇతర చేపల బారి నుంచి పిల్లల్ని కాపాడుకుంటుంది. అంటే కాపలా కాయడం, తరమడం దానికి పుట్టుకతో వచ్చిన పని. మీ తొట్టెలో దానికి తరమడానికి ఎవరున్నారు? ఎదురుగా ఉన్న ఆడది ఒక్కటే. జంతువుల ప్రవర్తనపై చేసిన కృషికి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ సిక్లిడ్లలో ఈ సంగతినే గమనించి రాశారు. తొట్టె మధ్యలో గాజు పలక పెట్టి రెండు వైపులా ఒక్కొక్క జంటను ఉంచితే, మగవి గాజు మీదుగా పొరుగుదానిపై కోపం తీర్చుకుంటూ తమ ఆడవాటి జోలికి పోకుండా ఉండేవి. గాజుకు పాచి పట్టి పొరుగుది సరిగా కనబడకపోయేసరికి ఆ కోపం కాస్తా ఇంట్లోకి మళ్లేది. నేను కూడా చూసినది ఇదే. పొరుగున శత్రువు కనబడుతున్నంతసేపు మగది ఆడదానికి పక్కవాటుగా నిలబడి గాజు వైపు మొప్పలు విప్పుతుంది, తరవాత వెనక్కి తిరిగి ఆడదాని పక్కన ఒళ్లు వణికిస్తుంది; అడ్డంగా ఒక అట్ట పెట్టి చూస్తే, కాసేపట్లోనే ఆడదాని తోక వెంట పడుతుంది.

కాబట్టి మీరు చేయవలసినది మగదాని కోపాన్ని అణచడం కాదు, దానికి మరో దిక్కు చూపడం. అక్వేరియం పక్కన ఆనించి ఒక చిన్న తొట్టె పెట్టి అందులో మరో కాన్విక్ట్‌నో, అటువంటి గట్టి చేపనో ఉంచితే సరిపోతుంది. అది సాధ్యం కాకపోతే, పెద్ద తొట్టెలో నీటి పైభాగాన వేగంగా ఈదే జెయింట్ డానియోల వంటివాటిని ఒక గుంపుగా వేయవచ్చు. అవి తరిమినా చిక్కవు, దెబ్బా తినవు, మగదానికి మాత్రం పని ఉంటుంది. గుడ్లు పెట్టాక వాటిని తీసివేయడం మంచిది, ఎందుకంటే అవి పిల్లల్ని తింటాయి, మూలకు చిక్కితే జంట వాటిని చంపుతుంది. కొందరు గాజుకు ముఖం చూసుకునే అద్దం ఆనిస్తారు. కొన్ని నిమిషాలకైతే పరవాలేదు, రోజంతా ఉంచితే చేప తిండి మాని అలసిపోతుంది.

అయితే ఇవన్నీ రెండడుగుల తొట్టెలో ఎక్కువ కాలం సాగవు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే యాభై ఆరు లీటర్లు; అందులో తరిమితే పారిపోవడానికి చోటే ఉండదు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంబావు ఎత్తు ఉన్న తొట్టె అయితే నూరు లీటర్లు దాటుతుంది. జంటకు నేను అదే కనీసమని చెబుతాను. అంతకన్నా ముఖ్యమైనది చూపు ఆగడం. తొట్టె ఈ చివర నుంచి ఆ చివరకు అంతా కనబడేటట్టు ఉంటే దాక్కోవడమనేదే లేదు. అందుకని మధ్యలో రాళ్లు పేర్చి, ఒక కుండపెంకు బోర్లించి చూపును తుంచండి. రాళ్లు ఇసుక మీద కాకుండా అడుగు గాజు మీద నిలవాలి, లేకపోతే చేపలు కింద తవ్వినప్పుడు దొర్లుతాయి.

గుడ్లు పెట్టే గుహకు ఖరీదైన అలంకరణలు కొనవలసిన పని లేదు. చిన్న పూలకుండీని పగలగొట్టకుండా పక్కకు పడుకోబెట్టినా, ఉద్దానం కొబ్బరికాయ చిప్పకు ఒక వైపు ద్వారం కోసి బోర్లించినా చాలు. చిప్పను పీచంతా గీకి, నీళ్లలో మరిగించి, ఆ ఎర్రనీటిని పారబోస్తూ రంగు తగ్గేదాకా మళ్లీ మళ్లీ మరిగించాలి. ఒకటి కాకుండా రెండు మూడు గుహలు ఉంచండి. వాటిలో కనీసం ఒకదాని ద్వారం ఆడది పట్టేంత, మగది పట్టనంత ఉండాలి. అడుగున అటువంటి వ్యాసం ఉన్న పీవీసీ గొట్టం ముక్క ఉంచినా సరే. మగది ఎంత పెద్దదైతే ఈ ఏర్పాటు అంత బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆడది తనకు ఇష్టమైనప్పుడు బయటికి వస్తుంది, కానప్పుడు లోపల ఉంటుంది.

జాలీకి అటూ ఇటూ ఉన్న ఈ కాలంలో రెండింటినీ బాగా మేపండి. శుభ్రంగా కడిగి సన్నగా కోసిన ఎర్రలు, ఉప్పు కారం తగలని పచ్చి రొయ్య ముక్కలు, పొట్టు తీసి ఉడికించిన బఠానీ, వీటికి తోడు రోజువారీ గుళికలు చాలు. మురుగుకాలవల్లో పట్టి అమ్మే ట్యూబిఫెక్స్ పురుగులను నేను వాడను. వాటితో వచ్చే రోగాలు వాటి ఖరీదుకన్నా ఎక్కువ. ఆడదాని పొట్ట నిండకముందే మగదాన్ని కలపడమే చాలా తగవులకు కారణం: మగది సిద్ధంగా ఉంటుంది, ఆడది ఉండదు, దాన్ని మగది తన స్థలంలోకి చొరబడిన పరాయిదిగా చూస్తుంది.

నీటి విషయంలో కాన్విక్ట్ మొండి ప్రాణం. మన వైపు బోరు నీటిలో ఉండే సున్నపు కఠినత్వం దానికి ఇబ్బంది కాదు; కుళాయి నీరైతే క్లోరిన్ పోయే మందు వేయాలి. వేడి 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే మంచిది కాబట్టి, పుష్యమాసపు రాత్రులకు హీటరు కావాలి. వారానికి ఒకసారి నాలుగోవంతు నీరు తీసి, కాస్త చల్లని కొత్త నీరు పోస్తే చాలాసార్లు గుడ్లు పెట్టడానికి అదే పురిగొల్పుతుంది. పిల్లలను పీల్చేయని స్పాంజి ఫిల్టరు, దానితోపాటు బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి తప్పకుండా ఉంచుకోండి; 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ జిల్లాలో కరెంటు లేక ఎన్ని అవస్థలు పడ్డారో మీకు నేను చెప్పనక్కరలేదు.

జాలీ ఎప్పుడు తీయాలి? రెండూ జాలీ దగ్గరకే వచ్చి ఒకదాని పక్కన ఒకటి పక్కవాటుగా వణుకుతూ, తోకలతో నీటిని కొట్టుకుంటూ, రెండు వైపులా ఒకే చోట ఇసుక తవ్వుతుంటే సమయం వచ్చినట్టే. ఆడది రెక్కలు ముడుచుకుని దూరపు మూలలోనే ఉంటే ఇంకా ఆగండి. తీసేరోజున మగదాన్ని కాసేపు బకెట్లోకి మార్చి, రాళ్లనూ గుహలనూ కొత్త చోట్లలో పెట్టి, ముందు ఆడది తిరిగి చూసుకున్నాక మగదాన్ని వదలండి. అలా చేస్తే ఆ స్థలం తనదేనని మగది అనుకోదు. ఆ తరవాత అవి నోరూ నోరూ పట్టుకుని లాగుకోవడం చూస్తే కంగారుపడవద్దు. రెండూ సమానంగా లాగి, వదిలేసి, మళ్లీ పక్కపక్కన ఈదితే అది బలం చూసుకోవడమే. ఒకటే తరుముతూ, మరొకటి ఎప్పుడూ పారిపోతుంటే, తిండికి కూడా రాకపోతే, జాలీ మళ్లీ పెట్టవలసిందే. రెండు మూడు విడతలు ప్రయత్నించినా అదే జరిగితే ఆ రెండింటికీ కుదరదని ఒప్పుకుని మగదాన్ని మార్చడం మేలు.

కుదిరిన జంట గుహ లోపలి గోడను నోళ్లతో తుడిచి శుభ్రం చేస్తుంది. ఆడది కొన్ని గుడ్లను వరుసగా అంటించి పక్కకు తప్పుకుంటే, మగది వెనకనే వచ్చి వాటి మీదుగా పోతుంది. గుడ్లు నూరు నుంచి మూడు వందల దాకా ఉండవచ్చు. అవి దాదాపు మూడు రోజుల్లో చిట్లి, మరో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. ఈలోగా తల్లి రెక్కలతో గుడ్లకు గాలి విసురుతూ, తెల్లబడినవాటిని ఏరి తింటుంది. అది చూసి గుడ్లన్నీ తినేస్తోందని భయపడకండి. రాత్రి గదిలో సన్నని దీపం ఉంచండి, ఎందుకంటే ఒక్కసారిగా చీకటి చేస్తే కొత్త జంటలు కంగారుపడి గుడ్లనే తినేస్తాయి. మొదటి విడత గుడ్లు చాలాసార్లు పోతాయి, దానితో జంటను తప్పుపట్టవద్దు. పిల్లలు ఈదుతున్నప్పుడు తల్లి అడుగు ఇసుక మీద రెక్కలతో విసిరి తిండి లేపడం, సాయంకాలానికి వెనకబడిన పిల్లను నోట్లోకి తీసుకుని గుంటలో ఉమ్మివేయడం చూడవలసిన దృశ్యం.

ఇక్కడ పాత్రలు తారుమారు కావచ్చు. పిల్లలున్న ఆడ కాన్విక్ట్ చిన్నదైనా మగదానికన్నా ఉగ్రంగా ఉంటుంది. మగదాన్ని ఒక మూలకు నెట్టి కదలనివ్వకపోతే మగదాన్నే తీసివేయండి, తల్లి ఒక్కతే పెంచుకోగలదు. ఈ పిల్లల నోరు చిన్నదేమీ కాదు; పొడి చేసిన ఫ్లేక్స్‌నూ, గుడ్ల నుంచి అప్పుడే చిట్లిన ఆర్టీమియానూ (ఉప్పునీటిలో బతికే రొయ్య వంటి అతి చిన్న ప్రాణి) మొదటి రోజు నుంచే తింటాయి. లీటరు నీటిలో ముప్పై గ్రాముల దాకా నౌపడ రాళ్ల ఉప్పు కరిగించి, తలకిందులు చేసిన ప్లాస్టిక్ సీసాలో పోసి గట్టిగా గాలి పెడితే, ఆర్టీమియా గుడ్లు ఒకటి, ఒకటిన్నర రోజుల్లో చిట్లుతాయి. భోగాపురం వైపు తీరంలో రొయ్యపిల్లల హేచరీలవాళ్లు వాడేదీ ఇదే కాబట్టి, ఆ వైపు తెలిసినవారుంటే కొద్దిగా అడిగి తెచ్చుకోవచ్చు. ఉడికించిన గుడ్డు సొన పెట్టమని చెప్పేవారున్నారు. నీరు చెడిపోవడం తప్ప దానితో ఉపయోగం లేదు.

నెల తిరిగేసరికి జంట మళ్లీ గుడ్లకు సిద్ధమవుతుంది. అప్పుడు పాత పిల్లల్ని శత్రువులుగా చూసి తరుముతుంది, జంట మధ్య కొత్తగా తగవు వచ్చేదీ అప్పుడే. అందుకని ఆ లోపునే పిల్లల్ని వేరే తొట్టెకు మార్చండి. నూటయాభై పిల్లల్ని ఏం చేయాలన్నది గుడ్లు పెట్టించకముందే ఆలోచించవలసిన విషయం. మన రెండు జిల్లాల్లో కాన్విక్ట్ పిల్లలకు పెద్ద గిరాకీ లేదు, కొట్టువాళ్లను ముందే అడిగి ఉంచండి. మిగిలాయని చెరువులోనో నాగావళిలోనో వదలవద్దు. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడా సిక్లిడే. అది ఎన్ని చెరువుల్లో స్థిరపడిందో చూస్తున్నాం. పిల్లలు ఎక్కువైతే జాలీ మళ్లీ పెట్టి జంటను కొంతకాలం విడిగా ఉంచండి.