డీకార్బనైజేషన్‌కి డబ్బు కట్టే ముందు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. సర్వీస్ సెంటర్‌వాళ్లు నీ వెన్యూ టర్బో కారుకి "ఇంజిన్ డీకార్బనైజేషన్", అంటే లోపలి మసి వదిలించే పని, చేయించమన్నారని, లేదా క్లీనర్ డబ్బా కొని నువ్వే చేసుకోవచ్చా అని అడిగావు. ముందు ఒక విషయం తెలుసుకో. ఇంజిన్‌లో మసి ఒక్కచోటే పట్టదు. థ్రాటిల్ బాడీలో, అంటే గాలి దారిలో తెరుచుకుని మూసుకునే ప్లేటు దగ్గర, జిడ్డులా ఉంటుంది, గాలి లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వుల వెనక గట్టిగా పొరలు కడుతుంది, పిస్టన్ తలమీద నల్లగా మాడి అతుక్కుంటుంది, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లో మడ్డిగా చేరుతుంది. ఒకచోట పోసిన మందు ఇంకోచోట పని చెయ్యదు. అందుకే మసి ఎక్కడుందో తేలకుండా ఏ డబ్బా కొనకు.

నీది డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్. వాల్వుకి ముందే పెట్రోల్ చల్లే పాత ఎంపీఎఫ్ఐ బళ్లలో అది ఇన్‌టేక్ వాల్వు మీదుగానే లోపలికి పోయేది, పోతూ పోతూ దాన్ని కడిగేది. నీ దాంట్లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది. ఇంజిన్ కింది భాగం, అంటే క్రాంక్‌కేస్, నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి మాత్రం వాల్వు మీదుగానే వెళ్తుంది, వేడికి అక్కడే మాడిపోతుంది. కాబట్టి ట్యాంకులో పోసే క్లీనర్ ఎంత మంచిదైనా నీ ఇన్‌టేక్ వాల్వులను తాకనే తాకదు. ఈ సంగతి చాలామంది మెకానిక్‌లు కస్టమర్లకు చెప్పరు, నాకు కోపం తెప్పించేది అదే.

అలాగని ట్యాంక్ క్లీనర్ పనికిరాదని కాదు. ఇంజెక్టర్ల కొనలకు, పిస్టన్ తలకు అది మేలు చేస్తుంది. డబ్బా మీద పీఈఏ, అంటే పాలీఈథర్ అమీన్, ఉందో లేదో చూసి కొను. చెప్పిన కొలత దాటించకు. ఆయిల్ మార్చే ముందు ట్యాంకులో వాడితే మంచిది, ఎందుకంటే కరిగిన దాంట్లో కొంత పిస్టన్ రింగుల పక్కనుంచి ఆయిల్‌లోకి దిగుతుంది.

నేను భయపడేది ఇంజిన్ నడుస్తుండగా ఇన్‌టేక్‌లోకి కొట్టే స్ప్రే గురించి. వీడియోల్లో రేస్ చేస్తూ డబ్బా ఖాళీ చేసేస్తుంటారు. ద్రవాన్ని గాలిలా నొక్కి కుదించలేం. సిలిండర్‌లోకి ఒక్కసారిగా ఎక్కువ పడితే పిస్టన్ పైకి రాలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. టర్బో బండిలో ప్రమాదం ఇంకా ఎక్కువ. మందు, టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ అడుగున నిలిచి, తర్వాత యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక్క గుక్కలో లోపలికి పోవచ్చు. కాలకుండా మిగిలింది సైలెన్సర్ దారిలో మండితే, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కి పాడవుతుంది. నీ బండికి ఈ పద్ధతి వద్దు.

ప్లగ్గులు విప్పి పిస్టన్ మీద మందు నానబెట్టే పద్ధతి నిజంగానే పనిచేస్తుంది, ముఖ్యంగా రింగులు పట్టేసి ఆయిల్ తాగే ఇంజిన్లలో. కానీ నానిన తర్వాత ప్లగ్గులు బిగించకుండానే, ఇంధనం, కాయిల్స్ కనెక్షన్ తీసేసి, రంధ్రాల మీద గుడ్డ కప్పి సెల్ఫ్ కొట్టాలి. లోపలి ద్రవమంతా బయటికి రావాలి. వెంటనే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఈ వరుసలో ఒక్కటి తప్పినా నష్టం పెద్దది. ఇది అనుభవమున్న మెకానిక్ పక్కన లేకుండా చెయ్యొద్దు.

పాత ఆయిల్‌లో మందు కలిపి మడ్డి కడిగే ఇంజిన్ ఫ్లష్ నీకు అక్కర్లేదు. టైముకు ఆయిల్ మార్చే బండికి అదొక ఖర్చు. టైముకు మార్చని బండిలో పోస్తే ఊడిన మడ్డి ఆయిల్ స్ట్రైనర్‌కి, అంటే ఆయిల్ పీల్చే చోట ఉండే జల్లెడకి, అడ్డం పడుతుంది, ఆయిల్ అందక మొదట పోయేది టర్బోనే.

నువ్వు చేసుకోగలిగింది థ్రాటిల్ బాడీ. ఇంజిన్ ఆపి, చల్లారాక, థ్రాటిల్ క్లీనర్ గుడ్డ మీద కొట్టి తుడువు. కార్బురేటర్ క్లీనర్ వాడకు, లోపలి పూత పోవచ్చు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఆ ప్లేటులో వేలు పెట్టకు. తర్వాత ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటే స్కానర్‌తో సెట్ చేయించు. ఈ మందులు మండేవి, వాటి ఆవిరి మగత తెస్తుంది. ఆరుబయట, గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని చెయ్యి. సెల్లార్ పార్కింగ్‌లో వద్దు.

అసలు నీ బండికి ఇబ్బందేమిటో నువ్వు రాయలేదు. పొద్దున్న స్టార్ట్ చేయగానే మిస్ కొడుతుందా? పికప్ తగ్గిందా? ఏమీ లేకపోతే ఆ డీకార్బనైజేషన్ వద్దని చెప్పు. ఉంటే ముందు ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, స్కానర్ కోడ్లు చూపించు. ఆ తర్వాత కెమెరా దించి వాల్వులు చూడమను. నిజంగా పొర కట్టి ఉంటే గాలి పంచే గొట్టాలు, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్, విప్పి, ఇన్‌టేక్ వాల్వులు మూసి ఉన్న సిలిండర్ దగ్గర ఆ వాల్వుల వెనక వైపు వాల్‌నట్ పెంకుల పొడితో కొట్టించడం మేలు. ఖర్చు ఎక్కువే, కానీ మసి పోయిందని కళ్లతో చూస్తావు.

కెమెరా ఫొటోలు నాకు వాట్సాప్ చెయ్యి. చూశాక ఫోన్ చేస్తాను, అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మామయ్య