ఉల్లికాడలు ఏపుగా పెరిగినా గడ్డ ఊరకపోతే

మడిలో కాడలు మోకాలెత్తు పెరిగినా గడ్డ బొటనవేలంత కూడా లేదని రాశారు. ఇంకా ఎరువు వేయాలా, ఎప్పుడు పీకాలి అని అడిగారు. ఎరువు మాత్రం ఇక వేయకండి. ఈ దశలో నత్రజని పడితే మొక్క ఆకు వేయడం మానదు, మెడ (కాడలు గడ్డను కలిసే చోటు) లావెక్కుతుంది, గడ్డ ఆలస్యమవుతుంది.

నేను ఏటా పెరట్లో ఉల్లి వేస్తాను. గడ్డ ఎప్పుడు ఊరాలో నిర్ణయించడంలో పగటి నిడివిదే పెద్ద పాత్ర. కొన్ని రకాలకు పగలు 10 నుంచి 12 గంటలు ఉంటే చాలు, కొన్నింటికి 14 నుంచి 16 గంటలు కావాలి. రెండో కోవకు చెందిన విత్తనాన్ని భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతంలో వేస్తే కాడలే తప్ప గడ్డ రాదు. మీ విత్తనం ఏ కోవదో ముందు చూడండి. రకం సరైనదే అయితే ఓపిక పట్టండి, ఊరుతుంది.

గడ్డ ఊరడం మొదలయ్యే నాటికి మొక్కకు ఎన్ని ఆకులు ఉన్నాయన్నది చాలా ముఖ్యం. ఉల్లిని అడ్డంగా కోసినప్పుడు కనిపించే బయటి పొరల్లో ప్రతిదీ ఒక ఆకు మొదలే. ఆకులు తక్కువైతే పొరలూ తక్కువే. అందుకే నేను బాగా చివికిన పశువుల ఎరువు నాటేముందే మట్టిలో కలుపుతాను, పైపాటు ఎరువులన్నీ తొలి వారాల్లోనే ముగిస్తాను. కలుపు కూడా ఆ రోజుల్లోనే తీయాలి. ఉల్లి వేళ్లు చాలావరకు పై జానెడు మట్టిలోనే ఉంటాయి, గడ్డితో పోటీపడలేవు. నారు పెన్సిలంత లావైనప్పుడు, మొక్కకూ మొక్కకూ 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో, లోతుగా పాతకుండా నాటండి. గడ్డ సగం మట్టి పైకి తేలితే కంగారుపడి మట్టి ఎగదోయకండి, అది అలాగే ఊరాలి.

ఇక పీకడం. మెడను రెండు వేళ్ల మధ్య నొక్కి చూడండి. లోపల గట్టిగా తగిలితే కొత్త ఆకు ఇంకా వస్తోందన్నమాట. మెత్తగా, బోలుగా ఉంటే కాడ తనంతట తానే వాలిపోతుంది. సగానికి పైగా కాడలు వాలాక నీళ్లు ఆపి, మట్టి ఆరాక పొడి రోజు చూసి పీకండి. త్వరపడి కాళ్లతో తొక్కి కాడలు పడగొట్టే పద్ధతి నాకు నచ్చదు. మెడ నలిగిన చోట కుళ్లు పడుతుంది.

పీకగానే కాడలు కోయకండి. గాలి ఆడే నీడలో, ఒకదాని మీద ఒకటి పడకుండా, రెండు మూడు వారాలు ఆరబెట్టండి. మండే ఎండలో వదిలితే గడ్డ ఉడికినట్టయి మచ్చలు పడుతుంది. మెడను నలిపితే తడి తగలకుండా, పై పొర కాగితంలా గలగలమన్నప్పుడు రెండు మూడు సెంటీమీటర్లు వదిలి కాడ కోయండి. లావు మెడవి, పూకాడ వచ్చినవి, దెబ్బ తగిలినవి నిల్వకు పనికిరావు. వాటిని వేరుచేసి ముందు వాడేయండి. మిగిలినవి వల సంచుల్లో వేలాడదీయండి, బంగాళాదుంపలకు మాత్రం దూరంగా. వాటి తేమకు ఉల్లి తొందరగా పాడవుతుంది.