బావమరిదికి ఇంట్లో చోటిచ్చాను, నా మీద కేసు పెడతారా?

ప్రశ్న: మా బావమరిది ఒక రాత్రి వచ్చి మా ఇంట్లో పడుకున్నాడు. గొడవలో ఒకతని చెయ్యి విరగ్గొట్టి వచ్చాడని మర్నాడు తెలిసింది. అయినా ఇంకో రాత్రి ఉండనిచ్చి, కొంత డబ్బు, నా బైక్ ఇచ్చి పంపించాను. రక్తం మరకలున్న చొక్కాను మా ఆవిడ ఉతికేసింది. ఇప్పుడు పోలీసులు స్టేషన్‌కు రమ్మంటున్నారు. ఇంట్లోవాళ్ల మీద కేసు ఉండదని అంటున్నారు, నిజమేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ మాట నిజం కాదు. మినహాయింపు ఉంది గానీ, అది నేరం చేసినవాడి భార్యకో భర్తకో మాత్రమే. అక్కాబావలకు లేదు, చివరికి కన్నతల్లికి కూడా లేదు. చట్టం ఇక్కడ కాస్త కఠినంగానే ఉంది.

మీ విషయంలో అసలు ప్రశ్న, మీకు సంగతి ఎప్పుడు తెలిసిందన్నది. మొదటి రాత్రి మీకేమీ తెలియదు కాబట్టి అందులో నేరం లేదు. తెలిసిన తర్వాత, అతన్ని శిక్ష నుంచి తప్పించాలనే చోటిచ్చారని రుజువైతే భారతీయ న్యాయ సంహిత 249వ సెక్షన్ వర్తిస్తుంది. 2024 జూలై 1కి ముందు ఇదే ఐపీసీ 212. ఆశ్రయమంటే ఇంట్లో దాచడమే కాదు. పట్టుబడకుండా తిండి, డబ్బు, బట్టలు, బండి ఇచ్చినా ఆశ్రయం కిందకే వస్తుంది. మీ బైక్ చిక్కు అక్కడే.

ఎముక విరిగితే తీవ్రగాయం. మామూలుగా దానికి గరిష్ఠ శిక్ష 7 ఏళ్లు. ఆశ్రయమిచ్చినవారికి అందులో నాలుగో వంతు, అంటే 21 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అతని మీద హత్యాయత్నం సెక్షన్ పెడితే మీ శిక్ష 3 ఏళ్ల దాకా పోవచ్చు. అందుకే ముందు ఎఫ్‌ఐఆర్ కాపీ తెప్పించుకోండి. 249 బెయిలబుల్ కాబట్టి బెయిల్ మీ హక్కు. నేరం ముగిశాక చేసిన సాయం ప్రేరేపణ, అంటే ఆ నేరానికి పురికొల్పడమో తోడ్పడటమో కాదు. అయినా అసలు కేసులోనే మిమ్మల్ని నిందితుడిగా చేరిస్తే ముందస్తు బెయిల్ గురించి ఆలోచించాలి.

నాకు ఎక్కువ భయంగా ఉన్నది చొక్కా సంగతి. సాక్ష్యాన్ని మాయం చేయడం 238వ సెక్షన్ కింద వేరే నేరం. అక్కడ భార్యాభర్తల మినహాయింపు కూడా లేదు. మీ ఆవిడ ఏమీ తెలియక మిగతా బట్టలతో పాటు ఉతికి ఉంటే భయం లేదు. తెలిసి, మరక పోవాలనే ఉతికితే ఇబ్బందే.

స్టేషన్‌కు వెళ్లకుండా ఉండొద్దు, లాయర్‌ను వెంట తీసుకెళ్లండి. మిమ్మల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు మీకుంది, అబద్ధం చెప్పే హక్కు లేదు. ఫోన్‌లో అతనితో జరిగిన చాట్ ఉంటే చెరిపేయకండి. ఇప్పటికే చెరిపేసి ఉంటే ఆ సంగతి ముందు మీ లాయర్‌కు చెప్పండి.